యునానీ వైద్యమున వృద్ధ పరిచర్య

గేలెను అను గ్రీకు వైద్యుడు తన గ్రంథమొకదానిలో ఒక తత్త్వవేత్త కథ చెప్పియున్నాడు. ఆ తత్త్వవేత్త తన 40వ యేట, మానవుడు ముసలితనము నొందకుండ నుండు విధానమును బోధించుచు ఒక గ్రంథము వెలువరించెను. పిమ్మట మరి 40 ఏండ్లు జీవించెను. అంతలో ఆతని దేహము శుష్కించి, చర్మము ముడుతలు పడి, చూచువారి నవ్వులకు కారణమయ్యెను. అప్పుడాతడు గ్రంథమును సవరించి, ఈ విధానము అందరికిని పనిచేయదనియు, తగిన ప్రకృతితో జన్మించి బాల్యము నుండి తన శిక్షణలో పెరిగినవారికే ఫలించుననియు వ్రాసెను!

గేలెను ఈ కథను వినోదార్థము మాత్రమే చెప్పలేదు. వృద్ధుని యువకునిగా మార్చుట వైద్యుని పని కాదనియు, మిగిలియున్న బలమును కాపాడుటయే యాతని పని యనియు నాతని మతము. యునానీ వైద్యము వృద్ధుల విషయమున నాటి నుండి నడచిన త్రోవ యిదియే.

"యునాన్" అనగా గ్రీసు దేశము. గ్రీకు వైద్యము అరబ్బుల చేతిలో పెరిగి, పారసీకమున స్థిరపడి, సుల్తానుల కాలమున మన దేశమునకు వచ్చినది. రక్తము, కఫము, పసుపు పిత్తము, నల్ల పిత్తము అను నాలుగు ధాతురసముల సమత్వమే ఆరోగ్యమని దీని మూలసూత్రము. మన వాత పిత్త కఫములతో దీనికి పోలిక కనబడును గాని రెండును ఒకటి కావు. యునానీ లెక్క అంతయు ఉష్ణము, శీతము, ఆర్ద్రము, శుష్కము అను నాలుగు గుణముల మీద నడచును. శిశువు వేడియు తడియు గలవాడు. వృద్ధుడు చల్లనివాడు, ఎండినవాడు. ఈ రెండు కొనల నడుమ వైద్యుడు మానవుని ఆయుర్దాయమును కొలిచెను.

గేలెను క్రీ.శ. 129లో పెర్గమము నగరమున జన్మించి, రోము చక్రవర్తి మార్కస్ అరీలియసునకు వైద్యుడై ప్రసిద్ధి చెందినవాడు. ఆరోగ్యరక్షణమును గూర్చి ఆతడు 6 భాగముల గ్రంథము రచించెను. అందు 5వ భాగమున వృద్ధుల ప్రసంగము కలదు. వ్యాధి యనునది ప్రకృతి విరుద్ధము, ముసలితనము ప్రకృతి సిద్ధము, కావున ముసలితనము వ్యాధి కాదని ఆతని వాదము. అట్లని వృద్ధుడు పూర్ణారోగ్యవంతుడును కాడు. జ్వరము విడిచి పథ్యము తినుచున్నవాని వంటివాడు. సిద్ధాంతముతో తృప్తిపడక గేలెను ఇద్దరు వృద్ధులను సాక్ష్యముగా చూపెను. ఒకడు అంటియోకసు అను వైద్యుడు. 80 ఏండ్లు దాటిన పిదపను ప్రతిదినము ఇంటి నుండి నగరసభా స్థలమునకు నడచిపోయెడివాడు, త్రోవలో రోగులను చూచెడివాడు, కాల్చిన రొట్టెను తేనెతో తినెడివాడు. రెండవవాడు టెలిఫసు అను వ్యాకరణ పండితుడు. ఇంచుమించు నూరేండ్లు బ్రతికిన ఈ మహాశయుడు శీతకాలమున నెలకు 2 మారులు, వేసవిలో 4 మారులు మాత్రమే స్నానము చేసెడివాడట. నిత్యస్నానము లేనిదే పచ్చిమంచినీరు ముట్టని మన పెద్దలు ఈ మాట విన్నచో ఏమందురో!

9వ శతాబ్దమున బాగ్దాదులో హునైన్ ఇబ్న్ ఇస్హాఖ్ (809–873) గేలెను గ్రంథములను పెక్కింటిని సిరియక్, అరబ్బీ భాషలలోనికి తెచ్చెను. అంతకు ముందే, హారూన్ అల్ రషీదు ఆస్థానమున మన్కా యను భారతీయ వైద్యుడుండెను; చరక సుశ్రుతుల గ్రంథములును అరబ్బీలోనికి వెళ్లినవి. 850లో తబరీ రచించిన "ఫిర్దౌసుల్ హిక్మత్" అను గ్రంథమున భారతీయ వైద్యమునకు ప్రత్యేక భాగము కలదు. ఈ రాకపోకలకు ఒక చిన్న సాక్ష్యము నేటికిని హకీముల అంగళ్లలో సీసాల మీద కనబడును. "ఇత్రీఫల్" అని వారు పిలుచు లేహ్యము పేరు మన త్రిఫలయే. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ అరబ్బుల దేశమునకు పోయి, పేరు మార్చుకొని, తేనెలో ఊరి తిరిగి వచ్చినవి.

వృద్ధులకై ప్రత్యేకముగా గ్రంథము రచించిన కీర్తి ఉత్తర ఆఫ్రికాలోని ఖైరవాను వాసి ఇబ్న్ అల్ జజ్జారుకు దక్కినది. 10వ శతాబ్దికి చెందిన ఈ వైద్యుడు మతిమరుపును గూర్చి వేరొక గ్రంథమును కూడ వ్రాసెను. ఐనను హకీములందరికి ప్రమాణమైనది ఇబ్న్ సీనా (980–1037) రచించిన "అల్ ఖానూన్".

ఇబ్న్ సీనా జీవితమును నాలుగు దశలుగా విభజించెను. 30 ఏండ్ల వరకు పెరుగుదల, 35 లేక 40 వరకు నిలుకడ, 60 వరకు క్రమముగా దిగుట, అటుపై వార్ధక్యము. (కేంద్ర ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సు 1998లో 60కి పెరిగినప్పుడు ఎవ్వరును ఇబ్న్ సీనాను తలచియుండరు. ఐనను లెక్క సరిగా కలిసినది.) దేహమున పుట్టుకతో వచ్చిన వేడిమి యొకటి, పుట్టుకతో వచ్చిన తడి యొకటి కలవు. వేడిమి దీపశిఖ, తడి అందలి నూనె. దీపము వెలుగుచున్నంతసేపు నూనె తరుగుచునే యుండును. నూనె తరిగినకొలది శిఖ సన్నగిల్లును. అంతే కాదు. జీర్ణశక్తి తగ్గినందున పరాయి తడి యొకటి దేహమున చేరును. అది నూనె కాదు, నీరు. దీపమునకు ఆహారము కాకపోగా దానిని ఆర్పజూచును. కన్నుల నీరు, ముక్కున చీమిడి, రొమ్మున కఫము గల వృద్ధుని చూచి తడిగలవాడని భ్రమింపరాదు. లోపలి అవయవములు ఎండియే యున్నవని ఆయన హెచ్చరించెను. నేటి శరీరశాస్త్రము ఈ నూనెను, నీటిని అంగీకరింపదు. కాని వృద్ధుని కెదుట కూర్చుండి చాలకాలము పరిశీలించినవాడు వ్రాసిన మాట యిది యని చదువరికి తోచకమానదు.

ఈ సిద్ధాంతము నుండి పుట్టిన దినచర్య మిక్కిలి సామాన్యమైనది. ఆహారము ఒక్కమారుగా పెట్టక, జీర్ణశక్తిని బట్టి కొంచెము కొంచెముగా 2, 3 మారులు పెట్టవలెను. పాలు ఇముడువారికి పాలు మేలు. మలబద్ధమునకు తీవ్రమైన విరేచనౌషధములు కూడవు. వేసవిలో అత్తిపండ్లు, శీతకాలమున తేనెనీట ఉడికించిన ఎండు అత్తిపండ్లు భోజనమునకు ముందు చాలును. నిద్ర ఎక్కువగా కావలెను. రక్తము తీయుట సాధ్యమైనంతవరకు మానవలెను. నూనెతో మర్దనము చేయవలెను గాని అది గట్టిగాను, దీర్ఘముగాను ఉండరాదు. జీవితమంతయు అలవాటైన వ్యాయామమును మాన్పింపరాదు. తల తిరుగువానిని మాత్రము వంగనీయరాదు. కాళ్లు బలహీనమైనచో చేతులతో చేయు పని చెప్పవలెను. ఇక నిషిద్ధములలో ఉప్పు, కారము, ఊరగాయలు చేరినవి. మందుగా తప్ప వీనిని వృద్ధులు ముట్టరాదట. ఆవకాయ జాడీ విషయమున ఆంధ్ర వృద్ధుడు ఇబ్న్ సీనా మాట వినునని ఆశించుట కష్టము.

మన దేశమున ఈ వైద్యమునకు రాజాదరణ లభించిన కథ పెద్దది. ఢిల్లీలో ఫిరోజ్ షా తుగ్లక్ (1351–1388) వైద్యాలయమును నెలకొల్పి మందులు, ఆహారము ఉచితముగా ఇప్పించెను. ఆతని చరిత్రకారుడు ఆఫీఫ్ మరియొక విశేషమును చెప్పుచున్నాడు. సైనికుడు ముసలివాడై కొలువు చేయలేనప్పుడు అతని కుమారుడు, కుమారుడు లేనిచో అల్లుడు, అతడును లేనిచో సేవకుడు ఆ స్థానమున పనిచేయవలెననియు, వృద్ధుడు ఇంట సుఖముగా నుండవలెననియు సుల్తాను ఆజ్ఞ. సైన్యమునకు ఇది మేలు చేసినదా అని చరిత్రకారులు సందేహించుట న్యాయమే. వృద్ధునకు మాత్రము మేలే చేసినది. 1512లో సికందర్ లోడీ మంత్రి మియాఁ భువా సంస్కృత వైద్యగ్రంథముల నాధారము చేసికొని పారసీకమున ఒక బృహద్గ్రంథము రచించెను. హైదరాబాదున ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1595లో రెండంతస్తుల దారుషిఫాను కట్టించెను; అందు వైద్యమును, వైద్యబోధనయు కలిసి నడచినవి. నేడు దారుషిఫా యనునది ఒక పేట పేరుగా నిలిచినది. ఆధునిక కాలమున హకీం అజ్మల్ ఖాన్ కృషితో ఢిల్లీలో ఆయుర్వేద యునానీ తిబ్బియా కళాశాల వెలసెను. 1916లో హార్డింజి ప్రభువు శంకుస్థాపన చేయగా, 1921లో మహాత్మాగాంధీ దానిని ప్రారంభించెను.

వృద్ధులకు హకీములిచ్చు మందులలో "మాజూన్ ఫలాసిఫా", అనగా తత్త్వవేత్తల లేహ్యము, పేరొందినది. శొంఠి, మిరియము, పిప్పలి, ఉసిరిక, చిత్రమూలము, కొబ్బరి, ఎండుద్రాక్ష మున్నగువానిని తేనెలో కలిపి చేయుదురు. మతిమరుపునకు, కీళ్లనొప్పులకు, మాటిమాటికి మూత్రము వచ్చు బాధకు దీనిని వాడుట పరిపాటి. తేనె, చక్కెర పాకములతో చేసిన లేహ్యములు మధుమేహమున్నవారికి హాని చేయవచ్చును గనుక వైద్యుని అడుగక వాడరాదు.

ఐనను యునానీ గ్రంథములలో వృద్ధుల ప్రకరణమున మందులకన్న దినచర్యకే పెద్దపీట. ఆరోగ్యమునకు తప్పనిసరియైన 6 కారణములను హకీములు లెక్కించిరి. గాలి, అన్నపానములు, దేహచలనము, మనశ్చలనము, నిద్ర, విసర్జనము. ఇందు మనస్సును కూడ చేర్చుట గమనింపదగినది. దుఃఖము, భయము దేహమున వేడిమిని తగ్గించునని వారి నమ్మకము. అసలే చల్లబడిన వృద్ధుడు ఒంటరిగా కూర్చుండి దిగులు పడుట వారి దృష్టిలో చలిగాలికి కూర్చుండుట వంటిదే.

గోదావరి తీరమున 70 ఏండ్లు గడపిన తండ్రిని ఢిల్లీకి తెచ్చుకొన్న ఉద్యోగి యింట ఈ ప్రకరణము వేరుగా వినబడును. డిసెంబరు చలిలో ఆ పెద్ద బొంత కప్పుకొని, ఎండ వచ్చు వరండా మూలను వెదకికొనుచుండును. కుమారుడు, కోడలు ఇద్దరును కార్యాలయములకు పోయిన పిమ్మట మాటాడుటకు తెలుగు తెలిసిన మనిషి ఉండడు. హకీము చెప్పిన అన్నము కొంచెము కొంచెముగా 3 మారులు పెట్టుటకు, గోరువెచ్చని నూనె మెల్లగా రాయుటకు, సంత వరకు తోడు నడచుటకు మనిషి కావలెను. తలిదండ్రుల పోషణము సంతానము బాధ్యతయని 2007లో చట్టము చేయబడినది. జీవనాధారమును చట్టము ఇప్పింపగలదు. మధ్యాహ్నపు రెండవ భోజనము ఎవరు వడ్డింతురన్న ప్రశ్న ఇంటిలోనే తేలవలసియున్నది. ఎదురింటి పంజాబీ వృద్ధునితో సైగలతో స్నేహము చేసికొని, సాయంకాలము అతనితో తోటకు పోవు పెద్దలును కొందరు కలరు. హకీము దీనిని దేహచలనము క్రింద వ్రాయునో, మనశ్చలనము క్రింద వ్రాయునో చెప్పలేము.

వృద్ధులను గూర్చి ఇంత సూక్ష్మముగా వ్రాసిన ఇబ్న్ సీనా తాను గీచిన 60 ఏండ్ల గీటును చేరకయే హమదానులో కన్నుమూసెను. 1868లో జన్మించిన అజ్మల్ ఖానును 1927 డిసెంబరులో మరణించి ఆ గీటుకు ఇవతలనే ఆగిపోయెను. తన విద్యను తన దేహము మీదనే 80 ఏండ్లు దాటువరకు పరీక్షించుకొన్నవాడు, తేనె రొట్టె తిని నగరసభకు నడచిపోయిన అంటియోకసు.