తోటి కుక్కను కరవని వేటకుక్క కోసం

పెద్ద తల, బలమైన దవడలు, కండ పట్టిన మెడ ఉన్న మాస్టిఫ్ కుక్కలతో మనిషి వేటాడటం ఈనాటి సంగతి కాదు. క్రీస్తుపూర్వం 7వ శతాబ్దంలో అస్సీరియా రాజు అషుర్‌బనిపాల్ నినెవే కోటలో చెక్కించిన వేట శిల్పాల్లో అవి పట్టెడను లాగుతూ ముందుకు ఉరుకుతుంటాయి. 14వ శతాబ్దం చివర ఫ్రాన్స్‌లో గాస్టన్ ఫీబస్ అనే ప్రభువు తన వేట గ్రంథంలో ‘అలాంట్’ అనే కుక్కల గురించి రాశాడు. పట్టు పడితే వదలవని మెచ్చుకుంటూనే, ఎద్దులనూ గుర్రాలనూ చివరికి మనుషులనూ కరుస్తాయని హెచ్చరించాడు. తెగువ కావాలంటే కోపాన్ని కూడా భరించాల్సిందేనా? వేటగాళ్లకు ఎన్నో వందల ఏళ్లుగా తెగని చిక్కు ఇది.

ఆ చిక్కుముడిని విప్పడానికి 1925లో ఒక పద్దెనిమిదేళ్ల కుర్రాడు పూనుకున్నాడు. పేరు ఆంటోనియో నోరెస్ మార్టినెజ్. ఊరు అర్జెంటీనాలోని కోర్డోబా. కుక్కల పందేలు జోరుగా సాగుతున్న ఆ ఊళ్లో మాస్టిఫ్, బుల్‌డాగ్, బుల్ టెర్రియర్ రక్తాలు కలిసి ఒక పందెం కుక్క తయారైంది. దెబ్బ తగిలినా వెనక్కి తగ్గేది కాదు. అంత ధైర్యం పందెం బరిలో వృథా అవుతోందని ఆంటోనియోకు అనిపించింది. దాన్ని అడవికి మళ్లించాలన్న ఆలోచనను తమ్ముడు అగస్టిన్‌తో చెప్పాడు.

అవసరమూ అప్పుడే వచ్చిపడింది. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో పెడ్రో లూరో అనే భూస్వామి వేట సరదా కోసం యూరప్ నుంచి అడవిపందులను లా పంపా ప్రాంతంలోని తన ఎస్టేటుకు తెప్పించాడు. కొన్నేళ్లకు అవి ఆ ఎస్టేటు దాటి విస్తరించి, పొలాలకు బెడద అయ్యాయి. పశువుల మందలకు ప్యూమా భయం ఎలాగూ ఉండనే ఉంది. ఒక ధనవంతుడి సరదా ఒక కొత్త కుక్క పుట్టుకకు దారి తీస్తుందని ఎవరు ఊహించారు?

అయితే కోర్డోబా కుక్కను నేరుగా వేటకు తీసుకెళ్లడం కుదరలేదు. పందిని వేటాడాలంటే నాలుగైదు కుక్కలు కలిసి పనిచేయాలి. ఇవేమో పందిని వదిలేసి ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకునేవి. జత కట్టించబోయినా పోట్లాటే! పైగా పందెం కోసం పెంచిన జాతికి దూరం నుంచి వాసన పట్టే ముక్కూ, గంటల తరబడి పరుగెత్తే ఊపిరీ ఎక్కడివి?

అన్నదమ్ములు ఆ లోట్లను ఒక్కొక్కటే పూడుస్తూ వచ్చారు. గాలిలో వాసన పట్టడానికి పాయింటర్‌ను కలిపారు. చురుకుదనానికీ మెత్తదనానికీ బాక్సర్, ఎత్తుకు గ్రేట్ డేన్, తరిమే గుణానికి ఐరిష్ వుల్ఫ్‌హౌండ్, దవడ బలానికి బోర్డో కుక్క, తెల్లని ఒంటికి పిరనీస్ కుక్క వచ్చి చేరాయి. బుల్‌డాగ్, బుల్ టెర్రియర్, స్పానిష్ మాస్టిఫ్ కూడా తలా ఒక చెయ్యి వేశాయి. చెప్పడానికి ఇది వంటకు దినుసులు వేసినంత సులువుగా ఉంది. నిజానికి రక్తం మన కొలతలకు లొంగదు. ఒక గుణం కోసం కలిపితే మరొకటి పలచబడుతుంది. అందుకే పుట్టిన పిల్లల్లో పనికొచ్చేవాటిని ఏరి, వాటి సంతానాన్ని మళ్లీ అడవిలో పరీక్షించాలి. ఆంటోనియో ఈలోగా చదువుకుని పేరున్న డాక్టరయ్యాడు, అయినా కుక్కలను వదల్లేదు.

తెలుపు వెనుక ఒక లెక్క ఉంది. పొదల్లో పెనుగులాట జరుగుతున్నప్పుడు ఏది కుక్కో ఏది పందో వేటగాడికి దూరం నుంచే తెలియాలి. దానికి మూల్యమూ ఉంది. రంగు కణాలు లోపలి చెవికి కూడా అవసరం కాబట్టి, తెల్ల కుక్కల్లో కొన్ని చెవిటివిగా పుడతాయి. ఈ జాతిలో ఆ బెడద నేటికీ ఉంది.

1947 నాటికి జాతి కుదురుకుంది. ఆంటోనియో తన కుక్కల్లో ఒకదాన్ని సాన్ లూయిస్ ప్రాంతానికి తీసుకెళ్లి అడవిపంది మీదికి వదిలి పరీక్షించాడు. ఆ జాతే ఇప్పటి ‘డోగో అర్జెంటీనో’. అది గొడవ చేయకుండా, తల ఎత్తి వాసన పడుతూ వెళ్లి పందిని పట్టి, మనిషి వచ్చేదాకా నిలిపి ఉంచుతుంది. పక్కన తోటి కుక్క ఉన్నా దాని జోలికి పోకుండా ఉండేలా పెంచిన జాతి ఇది. నా దృష్టిలో అన్నదమ్ముల అసలు గెలుపు అక్కడే ఉంది. పెద్ద దవడలు ఎవరైనా తెచ్చిపెట్టగలరు. ఆ దవడలకు సహనం నేర్పడానికే రెండు దశాబ్దాలు పట్టింది.

ఆ గెలుపుకు లోకం వేసిన ముద్రను ఆంటోనియో చూడలేదు. 1956లో వేటకు వెళ్లినప్పుడు ఒక దొంగ చేతిలో హతమయ్యాడు. అన్న పోయిన దుఃఖంలోనూ అగస్టిన్ పని ఆపలేదు. కుక్కలను పెటగోనియాలోని ఎస్క్వెల్‌కు చేర్చాడు. తర్వాత కెనడాలో అర్జెంటీనా రాయబారిగా ఉన్నా ఆ జాతి కోసం పాటుపడుతూనే వచ్చాడు. 1964లో అర్జెంటీనా సంస్థలు డోగోను గుర్తించాయి. 1973 జులై 31న అంతర్జాతీయ కుక్కల సమాఖ్య కూడా ఆమోదించింది. ఆ ఆమోదం పొందిన తొలి అర్జెంటీనా జాతి ఇదే. దీనికి మూలమైన కోర్డోబా పందెం కుక్క మాత్రం ఇప్పుడు ఎక్కడా లేదు.