చట్టాన్ల తారీఖ్, తస్వీర్ల గవాహీ

మన ఇళ్లలో తారీఖ్ అంటే బాద్షాలు, జంగులు, ఖిలాలు, మక్బరాలు. గోల్కొండ గురించి అడిగితే పిల్లలు కూడా కుతుబ్ షాహీల పేర్లు గడగడా చెప్పేస్తారు. ఆ ఖిలా నిలబడిన గుట్ట వయసెంతో చెప్పమంటే పెద్దవాళ్లం కూడా ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం. కుతుబ్ షాహీల హుకూమత్ నూట డెబ్బై ఏళ్లు దాటలేదు. ఆ రాయి వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. అంత పాత గవాహీని పక్కన పెట్టి మనం తారీఖ్ చదువుకుంటున్నాం.

మేడ్చల్ దగ్గర గౌడవెల్లి వైపు నేను తరచూ వెళ్తుంటాను. సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ మీదుగా మన్మాడ్ దాకా పోయే రైలు మార్గం మీద చిన్న స్టేషన్ ఉన్న ఊరు. నిజాం జమానాలో, 1900 ప్రాంతంలో, మీటర్ గేజ్‌గా వేసిన లైను ఇది. ఈ తరఫ్ అంతా గ్రానైటు నేల. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గుండ్లు, ఏనుగు వీపులాంటి నున్నటి బండలు. చూసినవాళ్లు జిన్నాతులు పేర్చాయంటారు, భీముడు విసిరాడంటారు. అసలు మెహనత్ నీళ్లది.

భూమి లోపల కరిగిన రాయి మెల్లగా చల్లారి గట్టిపడింది. కోట్ల ఏళ్లలో పైనున్న పొరలు కొట్టుకుపోయాయి. బరువు తగ్గేసరికి రాయి పగుళ్లిచ్చింది. ఆ పగుళ్లలోకి నీళ్లు దిగాయి. మూలల మీద నీళ్ల దెబ్బ అన్ని వైపుల నుంచీ పడుతుంది కాబట్టి ముందు మూలలే అరిగాయి. పలకలుగా ఉన్న రాయి గుండ్రంగా మారింది. చుట్టూ మెత్తబడ్డ మట్టి వానలకు కొట్టుకుపోయాక గుండు మీద గుండు మిగిలింది. పేర్చినవాడు ఎవడూ లేడు, మధ్యలో ఉన్నదాన్ని కుద్రత్ తీసేసింది, అంతే.

ఇలాంటి మంజర్లను కెమెరాతో పట్టుకోవడం ఎప్పుడు మొదలైంది? ఈ కథలో మనవాళ్లకు తెలియాల్సిన ఒక నామ్ ఉంది: ముహమ్మద్ సాదిక్ బే. మిస్ర్ ఫౌజులో ఇంజనీరు. 1861లో ఎర్ర సముద్రం ఒడ్డునున్న అల్ వజ్హ్ నుంచి మదీనా దాకా రేగిస్తాన్‌లో దారిని సర్వే చేస్తూ వెళ్లాడు. వెంట కెమెరా తీసుకుపోయాడు. మదీనా మునవ్వరా మొదటి తస్వీర్లు ఆయన తీసినవే. ఇరవై ఏళ్ల తర్వాత మక్కా తస్వీర్లు కూడా తీశాడు. ఆ 1861 నాటి పని మామూలు ముష్కిల్ కాదు. గాజు పలకకు మందు పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి, వెంటనే చీకటి డేరాలో కడగాలి. ఎడారి ఎండలో మందు నిమిషాల్లో ఆరిపోతుంది. ఇసుక రేణువు పడితే పలక ఖరాబ్.

ఆ తరఫే, మదీనాకు ఉత్తరాన, అల్ హిజ్ర్ ఉంది. మదాయిన్ సాలిహ్ అంటే మన ఇళ్లలో ఎక్కువమందికి తెలుస్తుంది. ఖురాన్‌లో ఒక సూరాకు ఆ పేరే ఉంది. సమూద్ కౌమ్ కిస్సా విని పెరిగిన మనకు అది ఇబ్రత్ నేర్పే చోటు. అక్కడిది ఇసుకరాయి. ఇసుక పొరలు పొరలుగా పేరుకుని, బరువుకు నలిగి రాయిగా మారుతుంది. గ్రానైటు కంటే మెత్తన కాబట్టి గాలీ నీళ్లూ దాన్ని తోరణాలుగా, స్తంభాలుగా చెక్కుతాయి. 1908లో మదీనా చేరిన హిజాజ్ రైల్వే ఆ మదాయిన్ సాలిహ్ మీదుగానే వెళ్లింది. ఆ రైల్వే కోసం హైదరాబాద్‌లో ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్ చందాలు పోగుచేశారు. అలా ఆ ఎడారి రాళ్ల మధ్య వేసిన పట్టాల్లో దక్కన్ పైసా కూడా ఉంది. 2008లో యునెస్కో ఆ చోటును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సౌదీకి అదే మొదటిది.

మరి మన రియాసత్ సంగతి? ఇక్కడ కెమెరా లేక కాదు. మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టిన లాలా దీన్ దయాళ్ రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, 1880లలో హైదరాబాద్ చేరి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దర్బారు ఫొటోగ్రాఫర్ అయ్యారు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. పర్దా పాటించే ఆడవాళ్ల కోసం జెనానా స్టూడియో కూడా నడిపారు. నిజాం ఆయనకిచ్చిన ఖితాబ్ ముసవ్విర్ జంగ్. ముసవ్విర్ అంటే రూపం ఇచ్చేవాడు. అది అల్లాహ్ పేర్లలో కూడా ఒకటని ఉర్దూ మీడియంలో చదివిన నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ ముసవ్విర్ జంగ్ నౌకరీ దర్బారులకు, మహళ్లకు, షికారులకు, ఫౌజులకు. ఖిలా ఫొటోలో గుట్ట పడితే పడింది. గుట్ట కోసం ఎవరూ కెమెరా మోయించలేదు.

ఇంకో మాట. తస్వీర్ జాయిజా కాదా అనే బహస్ మన ఇళ్లలో పాతదే. ఆ బహస్ అంతా జాన్‌దార్ గురించి, అంటే ప్రాణమున్నవాటి గురించి. చెట్టు, కొండ, నది తస్వీరుకు ఉలమా సాధారణంగా అభ్యంతరం చెప్పలేదు. విచిత్రం చూడండి, ఏ తస్వీరు మీద జగడా లేదో ఆ తస్వీరే మన దగ్గర తక్కువ.

రాయిని కూడా యాద్గార్‌గా చూడాలన్న ఖయాల్ హైదరాబాద్‌లో గట్టిగా వినిపించింది 1996లో, సొసైటీ టు సేవ్ రాక్స్ ఏర్పడినప్పుడు. సెంట్రల్ యూనివర్సిటీలోని పుట్టగొడుగు బండ, మౌలాలీ దగ్గరి రాయి లాంటి తొమ్మిది శిలా రూపాలు హుడా వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. ఆ జాబితాకు ఆసరాగా ఉన్న నియమాన్ని 2015లో తీసేశారు. 2017లో తెలంగాణకు వేరే వారసత్వ చట్టం వచ్చింది. అయినా లెక్క చూడండి, మహానగరం మొత్తంలో తొమ్మిది! మిగతా వేల గుండ్లకు జాబితా లేదు, పేరు లేదు, చాలావాటికి తస్వీరూ లేదు.

ఇసుకరాయి కోసం ఎడారికే పోనక్కర్లేదు. భూపాలపల్లి జిల్లాలో పాండవుల గుట్ట ఉంది. పొరలు పొరలుగా నిలబడ్డ ఇసుకరాతి గోడలు, వాటి కింద ఆదిమానవుడు గీసిన బొమ్మలు. కెమెరా పుట్టకముందు తస్వీర్ గీసినవాడు దానికి కాగితంగా వాడుకున్నది రాయినే.

గౌడవెల్లి చుట్టుపక్కల ఇప్పుడు వెంచర్ల జెండాలు, లేఅవుట్ల రాళ్లు కనిపిస్తాయి. ఇళ్లు కావాలి, కంకర కావాలి, నేను కాదనను. మనవాళ్లలో ఎందరో ప్లాటు కొనుక్కుని ఇటే వస్తున్నారు. కానీ మసీదు కూలితే మళ్లీ కట్టుకోవచ్చు, ఖిలా గోడకు మరమ్మత్ చేయొచ్చు. పేల్చిన గుండును మళ్లీ నిలబెట్టే హునర్ ఎవరికీ లేదు. కోట్ల ఏళ్ల పని ఒక మధ్యాహ్నంలో కంకర అవుతుంది. తర్వాత అక్కడ గుట్ట ఉండేదని చెబితే నమ్మడానికి గవాహీ కావాలి.

ఆ గవాహీ మన ఇళ్లలోనే కొంత ఉండొచ్చు. పాత ఆల్బమ్‌లు తీయండి. ఈద్ తర్వాత పిక్నిక్‌కు పోయిన ఫొటోలు, ఉర్సుకు మౌలాలీ గుట్ట ఎక్కినప్పుడు తీసుకున్నవి, పెళ్లి బస్సు ఆగిన చోట దిగినవి. మనుషుల వెనక ఏ రాయి ఉందో చూడండి. ఊరు, సాలు ఫొటో వెనక పెన్సిల్‌తో రాయండి. అమ్మీ, నానీ బతికుంటే ఇవాళే అడగండి, ఆ జగా పేరు వాళ్లకే తెలుసు. కొత్తగా తీసేవాళ్లు పొద్దున ఎండ ఏటవాలుగా పడేటప్పుడు తీయండి, పగుళ్లు సాఫ్‌గా కనిపిస్తాయి. పక్కన ఒక గొడుగో సైకిలో పెట్టండి, ఎత్తు తెలుస్తుంది. ఫోన్ చాలు. గాజు పలక తడి ఆరిపోతుందన్న ఫికర్ మనకు లేదు.