క్షయ రోగి ఇల్లు: బందరు వసారా నుంచి నేటి దాకా

క్షయకు కారణమైన క్రిమిని రాబర్ట్ కోచ్ 1882లో లోకానికి చూపించాడు. దాన్ని చంపే మందు రావడానికి మరో అరవై ఏళ్ళు పట్టింది. ఆ మధ్యకాలంలో వైద్యమంటే గాలి, వెలుతురు, విశ్రాంతి, బలమైన తిండి. ఇవి నాలుగూ ఇంటి స్తోమతను బట్టి దొరికేవే. కాబట్టి కృష్ణా డెల్టా దిగువన క్షయ కథ చాలావరకు ఇళ్ళ కథే.

పట్టాభి సీతారామయ్య 1906లో బందరులో వైద్యం మొదలుపెట్టేనాటికి క్షయను నయం చేసే మందు ప్రపంచంలో ఏ డాక్టరు దగ్గరా లేదు. రోగిని వేరుగా ఉంచమని చెప్పడం తేలికే. పెంకుటిల్లుంటే వసారాలో మంచం వేయవచ్చు. దివిసీమలో ఒంటిగది తాటాకింటివాళ్ళు ఎక్కడ వేయాలి? దగ్గుతో వచ్చే సన్నని తుంపరలు గాలాడని గదిలో గంటల తరబడి తేలుతుంటాయి. ఎండ తగిలితే ఆ క్రిమి చస్తుంది. దేశమంతా తిరిగి చూసిన వైద్యుడు ఆర్థర్ లాంకెస్టర్ 1920లో క్షయపై వెలువరించిన గ్రంథంలో ఇరుకిళ్ళను, పరదాను వేలెత్తి చూపాడు.

1915లో మదనపల్లి దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం తెరుచుకుంది. డేనిష్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపించాడు. బందరుకూ గుడివాడకూ 1908లోనే రైలు వచ్చింది. అయినా సంపాదించే మనిషి రైళ్ళు మారి అంత దూరం వెళ్ళి నెలల తరబడి ఉండిపోతే ఇంట్లో పొయ్యి వెలిగేదెలా? తర్వాతి కాలంలో మంగళగిరిలోనూ శానిటోరియం వెలిసింది. నేటి ఎయిమ్స్ ఆ స్థలంలోదే.

మందులు వచ్చాక మలుపు మద్రాసులో వచ్చింది. అక్కడ 193 మంది పేద రోగుల్లో కొందరికి ఇంటి దగ్గర, కొందరికి శానిటోరియంలో, ఏడాదిపాటు అవే మందులిచ్చి చూశారు. 1959లో ఫలితాలు వెలువడ్డాయి. ఇరుకింట్లో అరకొర తిండితో ఉన్నవాళ్ళూ దాదాపు శానిటోరియంలో ఉన్నవాళ్ళంత బాగానే కోలుకున్నారు. ఇంట్లోవాళ్ళకు అదనపు ముప్పూ కనబడలేదు. మందు క్రమంగా పడితే రోగిని ఇల్లు కదిలించనక్కర్లేదని తేలింది.

ఆ తీర్పు లక్షలమందిని బతికించింది. అయితే ఇరుకిల్లు పరవాలేదని దానికి అర్థం కాదు. మందు మొదలయ్యే ముందే రోగం పక్కవాడికి పాకుతుంది. ఇప్పుడు ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తోంది, పోషణకు నెలకు 1,000 రూపాయలు వేస్తోంది. కిటికీ మాత్రం ఏ పద్దులోనూ లేదు. పేదలకు కట్టే ప్రతి ఇంటికీ ఎదురెదురు కిటికీలు పెట్టడాన్ని క్షయ నివారణలో భాగంగానే లెక్కించాలి.