దూదేకుల సిద్ధయ్య పుట్టిన సీమలో

1886వ సంవత్సరమున నరహరి గోపాలకృష్ణమ సెట్టిగారు కర్నూలు మండల చరిత్రమును ఆంగ్లమున ప్రకటించినపుడు, దూదేకులవారిని గూర్చి చెప్పవలసివచ్చి, వారు పత్తిని శుభ్రపరచు వృత్తి నవలంబించిన మహమ్మదీయులని క్లుప్తముగా వ్రాసిరి. ఇరువది మూడేండ్ల తరువాత, 1909లో, దక్షిణదేశపు కులములను తెగలను ఏడు సంపుటములలో వర్ణించిన ఎడ్గార్ థర్‌స్టన్ ఆ మాటనే ఉదాహరించి, జనగణనాధికారుల నివేదికలనుండి మరికొన్ని వివరములను దానికి చేర్చెను. ఆ వివరముల ప్రకారము వీరు మసీదులో నమాజు చేయుదురు, మగపిల్లలకు సున్తీ చేయింతురు, సాయంకాలమున అజాను పలుకుదురు. ఐనను పెక్కుమంది మాటలాడునది తెలుగో కన్నడమో, కొందరు జరుపుకొనునవి హిందువుల పండుగలు. తమ పనిముట్లకు ఏటేట పూజ సలుపుదురు గాని, ఆ పూజ దసరానాడు గాక బక్రీదునాడు. పనిముట్టును పూజించుట యొక సంప్రదాయమునుండి వచ్చినది, పూజించు దినము మరియొక సంప్రదాయమునుండి వచ్చినది, ఆ రెంటి నడుమ ఎట్టి వైరుధ్యమును ఆ యింటివారికి కనబడలేదు. ఇట్టివారిని మహమ్మదీయుల గడిలో వ్రాసికొనిన లేఖకుడు తప్పు చేసెనని నేననను. ఆ గడిని చూచి వారి విశ్వాసము మనకు తెలిసినదని తలచుటయే తప్పు; ఆ తప్పు కర్నూలు, కడప సీమల చరిత్ర చదువువారికి అడుగడుగున ఎదురగుచుండును.

దూదేకుట యన నేమో నేటి పిల్లలకు తెలియదు. నల్లరేగడి చేలలో పండిన పత్తిని గింజ తీసి యింటికి తెచ్చిన పిమ్మట, దానిని వడకుటకు ఏకులుగా చేయుటకైనను, పరుపులలో బొంతలలో నింపుటకైనను, ముందు పింజెలు విడదీయవలెను. దూదేకులవాడు మనిషి నిలువంత వింటిని చూరునుండి వ్రేలాడదీసి, దాని నారిని దూదికుప్పలో ముంచి, కొయ్యగుండుతో ఆ నారిని కొట్టుచుండగా, గింజలపొట్టును దుమ్మును క్రిందికి రాలి, దూది నురుగువలె పైకి లేచుచుండెను. ఈ పనికై అతడు ఊరూర తిరుగవలెను, కాపులయింటి కరణములయింటి వసారాలలో కూర్చుండవలెను, పెండ్లిపరుపు కుట్టియిచ్చి ఆ పెండ్లి చూచి రావలెను. ఊరియందరి యిండ్లలోనికి ప్రవేశమున్న ఈ వృత్తివారికి అందరి దేవుళ్లతోను పరిచయము కలిగెను. వీరినే నూర్‌బాషాలు, పింజారులు, లద్దాఫులు అనియు పిలుతురు. వెనుకబడిన తరగతుల ప్రభుత్వపట్టికలో 'బి' వర్గమున నేటికిని ఈ పేర్లన్నియు ఒకే వరుసలో కనబడును. ఏకు యంత్రములు వచ్చి విల్లు మూలబడినను, కులనామము మాత్రము నిలిచియున్నది.

ఈ కులమునందే సిద్ధయ్య పుట్టెను. కడప మండలమున ముడుమాల గ్రామమున పీరుసాహెబు, ఆదంబీ యను దంపతులకు కలిగిన ఈ బాలుడు, కందిమల్లాయపల్లెలో మఠము నెలకొల్పిన పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామిని ఆశ్రయించి, ఆయన శిష్యులందరిలో ముఖ్యుడాయెనని సంప్రదాయము చెప్పుచున్నది. గురువు విశ్వబ్రాహ్మణుడు, బనగానపల్లెలో అచ్చమ్మ యింట ఆవులు కాచి రవ్వలకొండలో కాలజ్ఞానము వ్రాసినవాడు. శిష్యులలో నొకడు దూదేకుల సిద్ధయ్య, మరియొకడు మాదిగ కక్కయ్య. తమ బిడ్డను మతము తప్పించిరని సిద్ధయ్య తల్లిదండ్రులు నవాబుతో మొరపెట్టుకొనగా, నవాబు అతనిని పిలిపించి తనకు సలాము చేయనందుకు ఆగ్రహించెననియు, తన సలామునకు తాళగలిగినదేదైన తెప్పింపుడని సిద్ధయ్య కోరగా ఒక బండరాతిని తెప్పించిరనియు, అతడు దానికి సలాము చేసినంతనే ఆ రాయి పగిలిపోయెననియు కథ చెప్పుదురు. అద్భుతమును నమ్మువారు నమ్ముదురు, నమ్మనివారు మానుదురు. నా దృష్టి నాకర్షించునది మాత్రము ఆ కథలో నవాబు అడిగినదానికిని సిద్ధయ్య చెప్పినదానికిని గల దూరము. నవాబు అడిగినది నీవెవరివాడవని. సిద్ధయ్య చూపినది తన గురువెట్టివాడో అన్నది. ఆ ప్రశ్నకు హిందువుననియు అతడనలేదు, ముసల్మాననియు అనలేదు.

వీరబ్రహ్మము సజీవసమాధి ప్రవేశించునపుడు సిద్ధయ్యను పూలకొరకై బనగానపల్లెకు పంపెననియు, తిరిగివచ్చిన శిష్యుడు సమాధిపై బడి విలపింపగా గురువు బయల్వెడలి దండమును, కమండలువును, పాదుకలను, ముద్రికను అతనికే యిచ్చెననియు భక్తులు చెప్పుకొందురు. ఒక మఠాధిపతి తన దండపాదుకలను సున్తీ జరిగిన శిష్యునకు ఇచ్చెనను కథను, శైవులును వైష్ణవులును కులవాదములతో కలహించుకొనుచున్న దేశమున, ఇన్ని తరములు ఇంత ప్రేమతో పాడుకొనుట సామాన్యవిషయము కాదు. ఐనను ఆ భక్తులే అతనిని దూదేకుల సిద్ధయ్య యనియే పిలిచిరి. యోగియైనను, గురుపాదుకలు పొందినను, పేరునకు ముందున్న కులము అతనిని వదలలేదు. ముడుమాలలో అతని సమాధి నేటికిని యాత్రాస్థలము.

ఈ సీమలో పీర్ల పండుగను చూడనివారికి ఈ విషయము గ్రంథములవలన బోధపడుట కష్టము. మొహర్రము నెల చంద్రుడు కనబడగానే ఊరిలోని పీర్లచావిడికి సున్నము కొట్టి, దానియెదుట గుండము త్రవ్వుదురు. పెట్టెలలో ఏడాదిపాటు దాచియుంచిన పీర్లను, అనగా వెండియిత్తడి రేకులతో చేసిన పంజాలను, తీసి కడిగి, పట్టుదట్టీలు చుట్టి నిలుపుదురు. ముజావరు తరచుగా దూదేకులవాడే. మ్రొక్కుకొన్నవారు ఆ పదిదినములు ఫకీరులగుదురు: మెడలో దారము వేసికొని, మద్యమాంసములు ముట్టక, నేలపై పరుండి, ఇంటింట బిచ్చమెత్తుదురు. వీరిలో బోయలు, కురువలు, రెడ్లు, మాలమాదిగలు అందరు నుందురు; మహమ్మదీయుల యిల్లొక్కటైన లేని గ్రామములలో సైతము ఈ పండుగ జరుగును. చక్కెరయో బెల్లమో పళ్లెములో పెట్టి తెచ్చిన స్త్రీ, కొంగు తలపై కప్పుకొని, చదివింపుమని ముజావరు నడుగును. అతడు ఫాతెహా చదివి, పిడికెడు తన యొద్ద నుంచుకొని, మిగిలినదానిని ఊదుపొడితో కూడ ఆమె చేతికిచ్చును. ఆ యూదుపొడినే ఆమె యింటికి పోయి బిడ్డనుదుట పెట్టును. పెద్ద సరిగెత్తు అను కడపటిరాత్రి పీర్లు ఊరేగి వచ్చి నిప్పులగుండము దాటును, మరునాడు జలధికి పోవును. కర్బలాయుద్ధము ఏ దేశమున జరిగెనో ఆ స్త్రీ నడిగినచో చెప్పలేకపోవచ్చును. హసన్ హుసేనులు చనిపోయిరని ఏడ్చుట మాత్రము నిజము.

ఈ మ్రొక్కులవలన పుట్టిన బిడ్డలకు మస్తానయ్య, దస్తగిరి, హుసేనప్ప, పీరమ్మ యని పేర్లు పెట్టుదురు. అనంతపురము వైపున గూగూడు పీరుపేర కుళ్ళాయప్పలు వేలకొలది కలరు, వారిలో హిందువులెవరో ముస్లిములెవరో పేరువలన చెప్పుట అసాధ్యము. పేరుచూచి మతము వ్రాసికొను అలవాటున్న గుమాస్తాకు ఈ సీమలో ప్రతిదినము చిక్కే.

కడపపట్టణమున ఇట్టిదే మరియొక ఆచారము కలదు. దేవునికడప లక్ష్మీవేంకటేశ్వరస్వామి ఆలయమునకు ఉగాదినాడు ముస్లిములు కుటుంబసమేతముగా వత్తురు, బుర్ఖాలతో వచ్చిన స్త్రీలు టెంకాయలు సమర్పింతురు. బీబీ నాంచారి తమ యింటి ఆడుబిడ్డ, ఆమెను పెండ్లాడిన స్వామి తమకు అల్లుడని వారి మాట. అదే పట్టణమున అమీన్‌పీరు పెద్దదర్గా గంధోత్సవమునకు హిందువులు మ్రొక్కులు తీర్చుకొన వత్తురు. ఒంటిమిట్ట కోదండరామాలయముకడ ఇమాంబేగు త్రవ్వించిన బావి యున్నది. మీ దేవుడు పిలిచిన పలుకునా యని అతడు పరీక్షింపబోగా లోపలినుండి ఓయని బదులు వచ్చెనని చెప్పుకొందురు.

అయితే ఇటువంటి కథలనన్నిటిని ఒకే గంపలో వేసి, మా సీమలో మతభేదము లేదని చాటుట నాకు సమ్మతము కాదు. ఆదవాని పాలకుడైన సిద్ధి మసూద్‌ఖాను మంచాలగ్రామమును రాఘవేంద్రస్వామికి ఇచ్చెను. 1671లో స్వామి బృందావనప్రవేశము చేసిన ఆ గ్రామమే నేటి మంత్రాలయము. ఆదవానిలో జామియా మసీదును కట్టించినదియు ఆ ఖానే. ఈ దానము పాలకుని ఔదార్యమునకో రాజనీతికో సాక్ష్యము గాని, అతని హృదయమున నున్న నమ్మకమునకు సాక్ష్యము కాదు. దేవునికడపలో మాసినచీరతో నిలుచున్న ముసలితల్లి మ్రొక్కుకును, ఏలిక వ్రాసియిచ్చిన సనదునకును ఎంతో భేదమున్నది. మనచరిత్రకారులు సనదులను ఎక్కువగా చదివిరి, మ్రొక్కులను తక్కువగా చదివిరి.

కర్నూలు కడపటి నవాబు గులాం రసూల్‌ఖాను వృత్తాంతము ఇంతకంటె దుఃఖకరము. ఆతడు రహస్యముగా ఆయుధములు చేర్చుచున్నాడని, ఈస్టిండియా కంపెనీవారిపై వహాబీలతో చేతులు కలిపినాడని అనుమానము పుట్టి, 1839లో సేనలు కర్నూలుపై నడచెను. కోటలో మందుగుండు సామగ్రి విస్తారముగా దొరకెను. నవాబు పట్టువడి తిరుచినాపల్లికి పంపబడెను, రాజ్యము కంపెనీవశమాయెను. ప్రవాసమున ఆతడు క్రైస్తవులయెడ మొగ్గుచూపి వారి ప్రార్థనకు పోవుచుండెననియు, అందుకు కోపించిన తన వాడే 1840లో ఆతనిని పొడిచి చంపెననియు చెప్పుదురు. ఏడాది తిరుగకముందే ఒకే మనిషిని కంపెనీవారు మతోన్మాదియనిరి, తనవారు మతభ్రష్టుడనిరి. బహుశః ఆతడు రెండును కాడేమో. రాజ్యమును బంధువర్గమును పోగొట్టుకొని, చెరలో ఊరట వెదకుకొనుచున్న మనుష్యుడేమో. ఆతనిని అడిగి తెలిసికొనినవారు లేరు.

పందొమ్మిదవ శతాబ్దమున కడపలో లండన్ మిషను, ముత్యాలపాడు, నంద్యాలలలో ఆంగ్లికన్ మిషను పనిచేయగా, మాలమాదిగలు వేలకొలది క్రైస్తవులైరి. వారి సంతతివారి కాగితములను చూచినవారికి మరియొక చిక్కు కనబడును. 1950నాటి షెడ్యూల్డుకులముల ఉత్తరువు ఆ కులములను హిందువులకు పరిమితము చేసి, తరువాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చుకొనెను గాని, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రమున క్రైస్తవులైన షెడ్యూల్డుకులములవారు వెనుకబడిన తరగతులలో 'సి' వర్గమున వ్రాయబడుదురు. అందువలన ఆదివారము గుడికి పోయి ప్రభువును ప్రార్థించునతడు, చదువునకో ఉద్యోగమునకో దరఖాస్తు పెట్టునపుడు హిందువుగా నిలుచుట మనము ఎరుగనిది కాదు. దీనిని మోసమని తూలనాడువారున్నారు. అంటరానితనము మతము మారినంతనే పోలేదు, మాలపల్లె చోటు మారలేదు, బావి మారలేదు. నమ్మినదానిని పైకి చెప్పినందుకు బిడ్డ చదువు వదలుకొమ్మనుట ఎంత న్యాయమో తూలనాడువారే చెప్పవలెను. 1976లో గుంటూరు వైద్యకళాశాల వ్యాజ్యమున, క్రైస్తవులైన తల్లిదండ్రులకు పుట్టి హిందూమతము స్వీకరించిన విద్యార్థికి కులము తిరిగి వచ్చునా యని విచారించిన సుప్రీంకోర్టు, ఆ కులమువారు అతనిని తమవానిగా అంగీకరించిరా యన్నదే ప్రధానమని తలచెను. అతడు దేనిని నమ్మెనన్నది న్యాయస్థానము తూచలేదు, తూచగలిగినదియు కాదు.

ఇట్టి చిక్కు మన సీమకే కలిగినది కాదు. 1911నాటి జనగణనలో బొంబాయిరాష్ట్రాధికారి గుజరాతులోని కొన్ని వర్గములను ఏ గడిలోను ఇమడ్చలేక, 'హిందూ మహమ్మదీయులు' అను క్రొత్త శీర్షికను కల్పించెను. పైయధికారులకు అది రుచింపలేదు. ఆచారమున నిష్ఠగల ముస్లిములు నేడు పీర్ల పండుగను ఇస్లామునకు విరుద్ధమనుచున్నారు, హిందువులలో కొందరు పరదేవతారాధన మనుచున్నారు. వారి వాదమును తేలికగా త్రోసివేయరాదు, సిద్ధాంతము తెలిసి ఆచరించుట ఘనమైనదే. కాని దూదేకులవారి నడిగిన, ఈ శుద్ధి రెండువైపులనుండియు తమమీదనే పడినదని చెప్పుదురు: ఉర్దూ రాదని, తెలుగు పేర్లనుచు ఒకవైపున చిన్నచూపు; సున్తీ, ఖబరస్తానులు చూపి మరియొకవైపున ఎడము. పెండ్లిసంబంధములు వెదకునపుడు ఆ బాధ మిక్కిలి తెలియును. వారు సంకరమతస్థులు కారు, సగము మతస్థులును కారు; నమాజునందును నిండుగా నున్నారు, గురుపూజయందును నిండుగా నున్నారు. సగమని తలచువారు బయటినుండి చూచువారు మాత్రమే.

పుట్టుకకు, పెండ్లికి, చావునకు ఏ మతమువారిని పిలుతురో గణనపత్రము చక్కగా తెలుపును, ఆస్తిపంపకమునకు ఏ ధర్మశాస్త్రము వర్తించునో తెలుపును. అంతవరకు అది విలువైన పత్రమే. కరవు వచ్చినపుడు ఎవరిని తలచుకొందురో, బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి ఏ గడప తొక్కుదురో, ఎవరి మంత్రము చెవిన బడిన మీదట మనసు నిలుచునో తెలుపదు. వానచుక్కకై ఎదురుచూచు ఈ మెట్టసీమలో జనులు దేవుళ్లను ఎన్నుకొన్నది ఆ వేళలయందే.

2027లో దేశమున మరల జనగణన జరుగనున్నది. స్వాతంత్ర్యము తరువాత జనగణనలో ఎల్లరి కులమును వ్రాసికొనుట ఇదే మొదలు. మతము చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనవలెనే గాని వాదింపరాదని లేఖకులకు ఆదేశమున్నది. ముడుమాలలో ఒక దూదేకుల యింటివారు మతమునకు ఇస్లామనియు, కులమునకు దూదేకులయనియు, మాతృభాషకు తెలుగనియు చెప్పుదురు. మూడును నిజములే. గురువెవరని అడుగుటకు ఆ పత్రమున గడి లేదు.