ఎర్ర సముద్ర తీరమున దోమ జ్వరములు: మన చరిత్రకు ఒక పాఠము

మన మారిషస్‌లో జ్వరము మాట వచ్చినప్పుడెల్ల పాత తరము పెద్దలు 1867వ సంవత్సరమును తలచుకొనెడివారు. 1866లో మొదలైన మలేరియా మరుసటి ఏడు పోర్ట్ లూయీలోను, తీరపు చెరకు తోటలలోను వేలకొలది ప్రాణములను తీసినది. డబ్బు కలిగినవారు చల్లని మెట్టకు, క్యూర్‌పీప్ వైపునకు తరలిపోయిరి. ఒప్పందము మీద వచ్చిన మనవారు పల్లపు తోటల క్యాంపులలోనే ఉండిపోయిరి. పైగా నింద కూడ వారి మీదనే పడినది. ఇండియా కూలీలే ఓడలలో ఈ జ్వరమును తెచ్చిరి అని ఆనాడు చాలామంది దొరలు అనిరి.

ఈ నింద ఎంతవరకు న్యాయము? దీనికి జవాబు వెదకుటకు మనము కొంచెము దూరము, సౌదీ అరేబియా వరకు పోవుదము. ఆ దేశము మనకు పూర్తిగా పరాయిది కాదు. మన పొరుగు ముస్లిం సోదరులు హజ్ యాత్రకు జెద్దా మీదుగానే పోవుదురు. 1970ల తరువాత కరీంనగర్, నిజామాబాద్, కడప మొదలైన జిల్లాలనుండి తెలుగువారు ఎందరో గల్ఫ్ దేశములకు కూలికి పోయిరి. వారు కూడ మన తాతల వలెనే కాగితము మీద వ్రేలిముద్రో, సంతకమో పెట్టి, ఇల్లు విడిచి పోయినవారే.

మొదటి సంగతి జెద్దాది. 1994లో ఆ నగరమున డెంగ్యూ వైరస్‌ను ఒక రోగి రక్తమునుండి వేరు చేసి గుర్తించిరి. 1999 వరకు జరిగిన పరీక్షలలో డెంగ్యూ వైరస్ నాలుగు రకములలో మూడు అక్కడ కనబడినవి. తరువాతి సంవత్సరములలో జ్వరము మక్కాలోను కనబడినది. ఎడారి దేశమున, నది లేని ఊరిలో, వర్షము అరుదైన చోట దోమ ఎట్లు బ్రతికినది? మా విద్యార్థులు కూడ ఈ ప్రశ్నయే అడిగిరి.

జవాబు ఇది. డెంగ్యూను మోయు ఈడిస్ ఈజిప్టై దోమకు నది అక్కరలేదు, మురికి గుంట అక్కరలేదు. మనుష్యుడు తన కొరకు దాచుకొన్న మంచి నీరే దానికి ఇల్లు. జెద్దా నూనె డబ్బుతో చాల త్వరగా పెరిగినది. సముద్రపు నీటి ఉప్పు తీసి త్రాగు నీరు చేసిరి, కాని ప్రతి వీధికి గొట్టము వేయుట ఇండ్లు కట్టుటంత వేగముగా సాగలేదు. అనేక పేటలకు ట్యాంకర్ బండ్లు నీరు తెచ్చును. ఆ నీటిని భూమి క్రింద తొట్లలో, మేడపై ట్యాంకులలో, పీపాలలో నిలువ చేయుదురు. కట్టుచున్న భవనములలో సిమెంటు పనికి నీటి గుంటలు ఉండును. ఆ దోమ గ్రుడ్డు నెలల తరబడి ఎండినను చావదు. నీరు తగిలినచో ఇంచుమించు పది దినములలో రెక్కలు గల దోమ అగును. కట్టడము చేయువాడు, దాని ప్రక్కన నిద్రించువాడు కూలివాడే. కావున మొదట కుట్టించుకొనువాడు కూడ అతడే.

రెండవ సంగతి జీజాన్‌ది. ఇది యెమెన్ సరిహద్దున, కొండలనుండి వాగులు దిగివచ్చు పల్లపు సీమ. 2000వ సంవత్సరము సెప్టెంబరులో అక్కడి మేకలు, గొఱ్ఱెలు ఈచుకొనిపోవుట మొదలైనది; కాపరులు, రైతులు తీవ్రమైన జ్వరముతో ఆస్పత్రికి వచ్చిరి. పరీక్షలో రిఫ్ట్ లోయ జ్వరము అని తేలినది. 1930ల మొదట కెన్యాలో గొఱ్ఱెల మందలలో గుర్తించిన వైరస్ ఇది. ఆఫ్రికా ఖండము వెలుపల ఇది వ్యాపించుట అదే మొదటిసారి. సౌదీలో ఇంచుమించు 880 మందికి ఈ రోగము తీవ్రముగా సోకినది, 120 మందికి పైగా చనిపోయిరి. యెమెన్ వైపున కూడ చావులు కలిగినవి. దోమ కుట్టుటవలననే గాక, రోగము గల జంతువు రక్తమును, ఈనిన మావిని ముట్టుటవలన కూడ ఇది మనుష్యునికి అంటును.

ఈ వైరస్ 1997-98లో తూర్పు ఆఫ్రికాలో పెద్ద వానల తరువాత వ్యాపించిన దానికి చాల దగ్గరి చుట్టము అని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. సోమాలియా తీరమునుండి ప్రతి ఏడు లక్షల మేకలు, గొఱ్ఱెలు ఓడలలో అరేబియాకు వచ్చెడివి. సౌదీ ప్రభుత్వము ఆ దిగుమతిని ఆపివేసినది. 2009 వరకు ఆ ద్వారము మరల పూర్తిగా తెరువలేదు. మందలే బ్రతుకైన సోమాలీ కాపరుల ఇండ్లలో దానివలన కరవు వచ్చినది. ప్రజలను కాపాడుట ప్రభుత్వపు ధర్మము. దానిని మేము తప్పు పట్టము. కాని ఆ ధర్మమునకు వెల కట్టినవారెవరో కూడ చరిత్రలో వ్రాసియుంచవలెను.

రోగము ఓడలలో ప్రయాణము చేయుట క్రొత్త కాదు. 1870లో జాంజిబారులో కీళ్ళు విరిచినట్లు నొప్పి పెట్టు ఒక జ్వరము లేచి, ఏడెన్ మీదుగా అరేబియా తీరపు ఊళ్ళకు, అక్కడినుండి భారతదేశపు రేవులకు ప్రాకినది. అది చికున్‌గున్యా అయి ఉండునని ఈనాడు చాలామంది తలంచుచున్నారు. 2005-06లో అదే చికున్‌గున్యా మన ద్వీపమును, రీయూనియన్‌ను పట్టినది. ఆ కాలముననే ఆంధ్రప్రదేశ్‌లో కూడ ఇంటింట వంగి నడచువారు కనబడిరి. మనము, మన తాతల గ్రామములు ఒకే సముద్రమున ఒకే జ్వరమును పంచుకొంటిమి.

మలేరియా వైరస్ కాదు, వేరొక సూక్ష్మ జీవి. అయినను దోమ లెక్క ఒకటే. ఆ లెక్క తేలినది మన తెలుగు నేల మీదనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జీవిని చూచెను. అదే రాస్ 1907-08లో మారిషస్ వచ్చి, నీరు నిలువకుండ చేయుడు, కాలువలు బాగుచేయుడు అని చెప్పెను.

కావున రోగి ప్రయాణము చేయును, అది నిజము. కాని ఒక్క రోగివలన ఊరంతా పడదు. మధ్య దోమ కావలెను. దోమకు నీరు కావలెను. ఆ నీటిని నిలువనిచ్చినది ఎవరు అన్నది అసలు ప్రశ్న. 1867లో ఆ ప్రశ్న అడుగక కూలివానిని మాత్రమే చూపించిరి. ఈనాడు మన ఫ్యాక్టరీలకు, కట్టడములకు పరదేశపు పనివారు వచ్చుచున్నారు. ఎక్కడైన జ్వరము కనబడినచో "వాళ్ళే తెచ్చిరి" అను మాట ఇప్పుడు మన నోటనుండియే రావచ్చును. ఆ మాట మన తాతలు విన్న మాటయే.

తెలుగు బంధువులారా, వారమునకు ఒకసారి మేడపై ట్యాంకు మూత చూడుడు, పూల కుండీ క్రింది పళ్ళెము, పాత టైరు, పీపా వంచి ఆరబెట్టుడు. జ్వరము వచ్చినవాడు ఏ దేశమువాడని అడుగుటకు ముందు, అతడు పడుకొను గది ప్రక్కన నీరు ఎక్కడ నిలిచినదో చూడవలెను.