బూడిదలో కత్తి

ఏయ్, ఆ పక్క బూడిద కెలకబాకండ్రా! అందులో ఉండేది గెణుసుగడ్డ గాదు, కత్తి. సందకాడ కొలిమిలో ఎర్రంగా కాల్చి పూడ్చిపెట్టా. తెల్లార్లూ అట్నే మెల్లంగా చల్లారాల. అప్పుడే మెత్తబడి ఆకురాయికి లొంగుద్ది. ఇప్పుడే బయటికి లాగితే ఈ చలిగాలికి బిగుసుకుంటాది, పొద్దున ఆకురాయి దాని మీద జారతాదే గానీ కరవదు. ఈ పక్కకొచ్చి కూచోండి. ఆ తుమ్మపుల్లలు రెండు ఎగదొయ్యి అబ్బయ్యా.

రిటైరైన అయివోరికి ఈ కమ్మరమేందని మీ అవ్వ రోజూ దెప్పతానే ఉండాది. ఇది ఇప్పటి పిచ్చి గాదు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఊరి పడమట వేపచెట్టు కింద ఆచారి తాత కొలిమి ఉండె. బడి వదల్తానే పలక ఇంట్లో పారేసి ఆడికే పరిగెత్తేవాణ్ణి. మేకతోలు తిత్తి. దాన్ని ఊదడానికి ఒక పిల్లోడు కావాల, నాకేమో బొంగరానికి ములుకు కావాల. అదీ మా ఇద్దరికీ కుదిరిన బేరం. తిత్తి ఊదడమంటే ఏదో లాగి వదలడం అనుకునేరు. గాలి తెగకుండా, ఎగరకుండా పోవాల. నేను ఆదరాబాదరాగా ఊదితే తాత పట్టకారుతో నా మోకాలి మీద చిన్నగా తట్టేవాడు. అది ఎప్పుడూ కాలతానే ఉండేది!

మనది మెట్ట గదా. వాన మబ్బు పట్టిందంటే చాలు, ఊళ్ళో నాగళ్ళ కర్రులన్నీ ఆ చెట్టు కిందే. కొడవళ్ళు, గొడ్డళ్ళు, పారలు, గునపాలు కుప్ప. రూపాయి మాట లేదు. కళ్ళంలో ఏడాదికొకసారి మేర గింజలు కొలిచి ఇచ్చేవాళ్ళం. ఆచారి తాత దాగలి ముందు కూచోని చిన్న సుత్తి ఎక్కడ తాటిస్తే, ఎదురుగా నిలబడినోడు సమ్మెట ఆడనే వెయ్యాల. మాటల్లేవు. చిన్న సుత్తి ఒట్టి దాగలి మీద టింగుమంటే సమ్మెట ఆగిపోవాల.

కర్రు కొట్టడం ఎవరైనా నేర్చుకుంటారు. పదును పెట్టే కాడ ఉంది అసలు కత. తాత కర్రు మొన మటుకు ఎర్రంగా కాల్చి, అంగుళమో రెండంగుళాలో నీళ్ళ తొట్లో ముంచి టక్కున లాగేవాడు. ఇటికరాయి ముక్కతో దాని మీద గరగరా గీకితే నల్లపొర పోయి తెల్లంగా మెరిసేది. వెనక భాగంలో ఇంకా కాక ఉంది గదా, అది మెల్లంగా మొనవైపు పాకొస్తా ఉంటే ఆ తెలుపు మీద రంగులు నడిచేవి. ముందు ఎండుగడ్డి రంగు, దాని వెనక బెల్లం రంగు, వంకాయ రంగు, ఆ వెనక నెమలిమెడ నీలం. నేను ఊపిరి బిగబట్టి చూసేవాణ్ణి. కత్తికైతే గడ్డిరంగు, గొడ్డలికైతే వంకాయరంగు. కావాల్సిన రంగు అంచుకి చేరీ చేరకముందే మళ్ళా నీళ్ళలో బుడుంగుమనిపించేవాడు. ఒక్క రెప్పపాటు ఆలస్యమైతే మెత్తన. తొందరపడితే పెళుసు, రాయి తగిలితే ముక్కలు.

కలిగిరి పక్క పొగాకు బ్యారన్ల కాడ తెల్లార్లూ మేలుకొని, ఆకు పచ్చ పోయి పసుపుకు తిరిగేది చూసినోళ్ళకి ఈ సంగతి చెప్పక్కర్లా. బ్యారన్లో థర్మామీటరుంటాది. అయినా ముసలోళ్ళు ముందు ఆకునే చూసేవాళ్ళు.

ఒకసారి తాతని అడిగా, పదునంటే వాడేనా అని. ఆయన నవ్వి, "మీ నాయన చేలో పదునుందంటాడే, మడక కట్టమంటాడే, ఆ మట్టి వాడిగా ఉంటాదంట్రా?" అన్నాడు. పిడికిట పడితే ఉండ కట్టాల, వదిలితే విడిపోవాల. అంటుకుంటే బురద, రాలిపోతే దుమ్ము. ఇనుముక్కూడా ఆ మాటే వాడినోడెవడో గానీ, వాడు సేద్యమూ చేసుంటాడు, కొలిమీ ఊదుంటాడు.

అయివోరయినాక చదివిన ఇంకో సంగతి చెప్తా. నిజామాబాదు జిల్లాలో కోనసముద్రం అని ఊరుండాది. అక్కడ ఇనుమును మట్టి మూసలో పెట్టి, మూత మెత్తి, బొగ్గుల్లో రోజంతా కరగబెట్టి ఉక్కు ముద్దలు తీసేవాళ్ళు. ఇస్ఫహాన్ నుంచి వర్తకులొచ్చి ఆడనే మకాం పెట్టి కొనుక్కుపోయేవాళ్ళంట. హెన్రీ వాయిసీ అనే దొర అదంతా కళ్ళారా చూసి రాశాడు. ఆయన పోయిన కొన్నేళ్ళకు, 1832లో, కలకత్తాలో అచ్చయింది. దమస్కస్ కత్తులని లోకమంతా చెప్పుకునేవాటికి ఇట్టాంటి మూసల్లో పుట్టిన మన దక్షిణాది ఉక్కే ముడిసరుకు. ఇంగ్లీషోళ్ళ నోట అది 'వూట్జ్' అయి కూచుంది. 1795లో లండన్ రాయల్ సొసైటీలో దాని మీద పత్రం చదివారు. 1819లో మైకేల్ ఫారడే, మీ ఫిజిక్సు పుస్తకంలో ఉంటాడే ఆయనే, ఆ ఉక్కు ముక్క ముందేసుకోని అందులో ఏముందా అని పరీక్షలు చేశాడు. ఫారడే నాయన కమ్మరే. అది చదివిన రోజు నాకు ఆచారి తాత గుర్తొచ్చి పుస్తకం మూసేశా.

ఆ ఉక్కుకో గుణముంది. నూటికి ఒకటిన్నర పాలు దాకా కర్బనం. కాక మించితే సుత్తి కింద బెల్లంగడ్డ మాదిరి పొడైపోద్ది. దాన్ని సాగగొట్టినోళ్ళ ఒడుపుకు దండం పెట్టాల.

మనకు అంత అదృష్టం లేదు, లారీ కమాను పట్టీలే. అదీ తక్కువది గాదు, అందులోనూ అర పాలు పైన కర్బనం ఉంటాది. ఆచారి తాత పాత బండి చక్రం పట్టా తెచ్చినోళ్ళని తిప్పి పంపేవాడు, అది ఒట్టి ఇనుము, ఎంత కాల్చి ముంచినా పదునెక్కదు.

నేను ముందు చేసిన కత్తి గతి చెప్తా, నవ్వబాకండి. కమాను పట్టీ తెచ్చి మూడు రోజులు కొట్టా. అచ్చం తాత మాదిరే ఎర్రంగా కాల్చి నీళ్ళలో దించా. చుయ్‌మంది. ఆ వెనకే సన్నంగా 'టింగ్' మనింది, గాజు గళాసుకు పగులు పట్టినట్టు. తీసి చూస్తే అంచునుంచి సగం దాకా వెంట్రుక మందాన చీలిక. మూడు రోజుల పని. మీ అవ్వ ముందు మటుకు, అది కావాలనే అట్ట చేశానని చెప్పా.

మన పెద్దోడు బెంగుళూరు నుంచి వచ్చినప్పుడు దాన్ని చూసి పాఠం మొదలుపెట్టినాడు. కమ్మరి వీధిలో సూదులమ్మబోయినట్టు నా కొలిమి కాడ నాకే పాఠమా అని ముందు మండింది. వాడు చెప్పింది నిజమే. ఈ ఉక్కుకు నీళ్ళు మరీ దూకుడు, నూనె కావాల. ఎరుపు పగలొకలాగా, మబ్బుకొకలాగా కనబడతాది, కన్ను మోసం చేస్తాది. అయస్కాంతం ఆనిస్తే సరి. 770 డిగ్రీల కాడ ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తాది. ఆపైన ఇంకొంచెం కాక ఇచ్చి నూనెలో దించాల. ఆచారి తాత కొలిమికి చుట్టూ తడికె కట్టి చీకటి ఎందుకు చేసుకున్నాడో నాకప్పుడు తెలిసింది. అదేదో ఎండకని అనుకున్నా ఇన్నాళ్ళూ!

నూనె కోసం మీ అవ్వతో పెద్ద రగడే అయింది. అయిదు లీటర్ల వేరుశనగ నూనె ఇనుప ముక్కకి పోస్తావా అని. చివరికి బజ్జీలు వేసిన నూనె దాచి ఇస్తా ఉండాది. కత్తి దించినప్పుడల్లా వీధంతా మిరపకాయ బజ్జీల వాసన. నూనెలోంచి తీసినాక ఆకురాయి పెట్టి చూడాల, గాజు మీద జారినట్టు జారితే పదునెక్కినట్టు. ఆ స్థితిలో కిందపడితే మటుకు విరిగినా విరగొచ్చు. అందుకే మీ అత్త కేకు పొయ్యిలో 200 డిగ్రీల కాడ గంటసేపు, చల్లారినాక ఇంకో గంట. తలుపు తీసేసరికి గడ్డిరంగు, అచ్చం తాత చూపించిందే. పిడికి ఉదయగిరిలో చెక్క చెంచాలు చేసేవాళ్ళ కాడ బిక్కి ముక్క తెచ్చుకున్నా. వాళ్ళు కత్తులు కూడా చెక్కతోనే చేస్తారు. నా ఇనుప కత్తి చూసి, దీనికి తుప్పు పడద్ది గదా సార్ అని జాలిపడ్డారు.

మీ అవ్వ ఆ కత్తితో ఒక్కసారి వంకాయలు తరిగి, బాగుందని చెప్పి, మళ్ళా కత్తిపీట ముందే కూచుంది.

చాల్లే, మంచు దిగతా ఉండాది. మంట ఆరిపోనీండి, నీళ్ళు మటుకు చల్లబాకండి. బూడిద తడిస్తే నా కత్తి గతేంగాను? పొద్దున్నే లేచినోడికి ఆకురాయి ఇస్తా. మొదటి రోజు సగమే పట్టాల, చేతులు బొబ్బలెక్కుతాయి.