క్రెడిట్ కార్డు బాకీ బదిలీ: ‘జీరో వడ్డీ’ వెనుక దాగిన చార్జీలు ఇవీ

ఇంట్లో పెళ్లి, ఆస్పత్రి బిల్లు, పిల్లల కాలేజీ ఫీజు... చేతిలో డబ్బు లేక కార్డు గీకేస్తాం. ఆ తర్వాత నెలనెలా మినిమం డ్యూ కడుతూ పోతే బాకీ తరగదు. సరిగ్గా అప్పుడే ఇంకో బ్యాంకు నుంచి ఫోన్ వస్తుంది: ‘మీ బాకీ మా కార్డుకి మార్చుకోండి, వడ్డీ తక్కువ’ అని. దీన్నే బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అంటారు. సరిగా వాడుకుంటే మేలే, అడగాల్సినవి అడక్కపోతే మాత్రం కొత్త భారం. వడ్డీ గురించి దీన్ ఏం చెబుతుందో ఆలిములను అడగాలి. ఇక్కడ లెక్క వరకే చూద్దాం.

ముందు లెక్క వేయండి

60,000 రూపాయల బాకీ ఉందనుకుందాం. పాత కార్డులో నెలకు 3.5 శాతం వడ్డీ. ఆరు సమాన వాయిదాల్లో తీర్చినా వడ్డీ, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి దాదాపు 8,900 అవుతుంది.

కొత్త కార్డులో నెలకు 1.5 శాతం వడ్డీ, 2 శాతం ప్రాసెసింగ్ ఫీజు అనుకోండి. ఫీజు 1,200, దానిపై జీఎస్టీ 216. ఆరు వాయిదాల్లో వడ్డీ సుమారు 3,190, దాని జీఎస్టీ 574. మొత్తం దాదాపు 5,180. అంటే 3,700 మిగులుతుంది. వడ్డీ రేటు సగానికి పైగా తగ్గినా ఖర్చు అంతగా తగ్గలేదు, గమనించండి. ‘జీరో వడ్డీ’ ఆఫర్‌లో కూడా ఫీజు, జీఎస్టీ ఉండొచ్చు.

ఎక్కడ దెబ్బ తగులుతుంది?

పాత కార్డు గడువు: బదిలీ సొమ్ము చేరడానికి కొన్ని రోజులు పడుతుంది. మా భాయిజాన్ ‘బదిలీ అయిపోయిందిలే’ అని ఆ నెల పాత కార్డు బిల్లు వదిలేశారు. లేట్ ఫీజు పడింది, వడ్డీ కూడా పడింది. సొమ్ము జమ అయినట్టు స్టేట్‌మెంట్‌లో కనిపించేదాకా పాత కార్డుకి కట్టాల్సిందే.

మిగిలిన వడ్డీ: స్టేట్‌మెంట్ వచ్చిన రోజు నుంచి సొమ్ము చేరిన రోజు వరకు వడ్డీ నడుస్తూనే ఉంటుంది. అది తర్వాతి బిల్లులో వస్తుంది. చిన్న మొత్తమే కదా అని వదిలేస్తే పెరుగుతుంది.

కొత్త కొనుగోళ్లు: కార్డు మీద పాత బాకీ పూర్తిగా తీరకుండా ఉంటే, కొత్తగా కొన్నవాటికి కొన్న రోజు నుంచే వడ్డీ పడొచ్చు. బదిలీ బాకీ తీరేదాకా ఆ కార్డుతో సరుకులు కొనకపోవడమే మంచిది.

ఆఫర్ గడువు: మూడు నెలల ఆఫర్ అయితే నాలుగో నెల నుంచి మిగిలిన బాకీకి మామూలు రేటు పడుతుంది. చివరి తేదీ రాసి పెట్టుకోండి.

ముందే తీర్చితే: కొన్ని బ్యాంకులు ఫోర్‌క్లోజర్ చార్జీ వేస్తాయి. దాని మీద కూడా జీఎస్టీ ఉంటుంది.

రిజర్వ్ బ్యాంకు ఏం చెప్పింది?

2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం వాయిదాల్లో అసలు, వడ్డీ ఎంతో బ్యాంకు స్పష్టంగా చెప్పాలి. గడువు దాటి మూడు రోజులు మించాకే లేట్ ఫీజు వేయాలి, అదీ మిగిలిన బాకీ మీదే. బాకీలన్నీ తీర్చి కార్డు మూసేయమంటే 7 పని దినాల్లో మూసేయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు బ్యాంకే మీకు ఇవ్వాలి. అందుకే పాత కార్డు అవసరం లేకపోతే వార్షిక ఫీజు పడకముందే మూసేయమని రాసివ్వండి.

ఒప్పుకునే ముందు అడగండి

ఫీజు ఎంత, జీఎస్టీతో కలిపి ఎంత? వడ్డీ తగ్గుతున్న బాకీ మీదా, మొదటి మొత్తం మీదా? ఒక వాయిదా తప్పితే ఏమవుతుంది? జవాబులు ఈమెయిల్‌లో తెప్పించుకోండి, ఫోన్లో చెప్పిన మాట నమ్మొద్దు. ఎవరడిగినా ఓటీపీ చెప్పొద్దు.

చెప్పని చార్జీ పడితే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. దానికి ఫీజు లేదు. వివరాలకు 14448 నంబరుకు ఫోన్ చేయండి.